మా హాల్లో రీఫ్ ట్యాంక్: మొదటి ఏడాది, మధ్యలో టెక్సస్ మంచు తుఫాను

రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు, సముద్రపు చేపలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టాలని 2020 మే నెలలో అనుకున్నాం. మొదటి చేప నీళ్లలోకి దిగింది సెప్టెంబరు మధ్యలో. ఆ నాలుగు నెలలూ ఏం చేస్తూ కూర్చోవాలి, డబ్బులు ఎక్కడెక్కడ పోతాయి, ఎప్పుడు భయపడాలి, ఎప్పుడు భయపడక్కర్లేదు, ఇవన్నీ తెలుగులో చెప్పేవాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. ఇంకొకరికి పనికొస్తుందని రాస్తున్నాను. ఇది రాస్తున్నది 2021 జులైలో, ధరలన్నీ అప్పటివే.

మేముండేది డాలస్ పక్కన ప్లేనోలో. నేను, మా వారు, ఎనిమిదేళ్ల మా పాప, మా అత్తగారు. అత్తగారిది భీమవరం దగ్గర పల్లె, ఆవిడ తమ్ముడికి రొయ్యల చెరువులున్నాయి. 2020 ఫిబ్రవరిలో మమ్మల్ని చూడటానికి వచ్చారు, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే ఉండిపోయారు. ఈ ట్యాంక్ ఇవాళ బతికుందంటే సగం ఆవిడ చలవే.

40 గ్యాలన్ల ట్యాంక్ తీసుకున్నాం, అంటే 150 లీటర్లు. మొదటిసారికి ఇంకా చిన్నదైతే మంచిదనిపిస్తుంది కానీ కాదు. నీళ్లు తక్కువున్న కొద్దీ ఉప్పు, వేడి చప్పున మారిపోతాయి. నీళ్ల బరువే 330 పౌండ్ల పైన ఉంటుంది, రాళ్లు, ఇసుక, స్టాండ్ అదనం. మా హాలు కింది అంతస్తులో ఉంది కాబట్టి ఆ చింత లేకపోయింది. గాజు ట్యాంక్ సేల్లో 50 డాలర్లకే దొరికింది. దాన్ని చూసి ఇంతేగా అనుకోవద్దు. లైటు 300, స్టాండు 150, నీళ్లలో మలినాల్ని నురగగా తీసేసే ప్రొటీన్ స్కిమ్మర్ 180, నీళ్లు తిప్పే పంపులు రెండు కలిపి 110, హీటరు, దానికో కంట్రోలరు కలిపి 70. కోవిడ్ రోజుల్లో ఇళ్లలో కూర్చున్నవాళ్లంతా ఇదే పని మొదలుపెట్టారేమో, లైటు కోసం ఆరు వారాలు ఆగాల్సి వచ్చింది. ఈలోగా ట్యాంక్‌ని గ్యారేజీలో మామూలు నీళ్లతో నింపి లీకవుతుందేమో చూశాం.

నీళ్ల దగ్గర నాకు కొంచెం మనసు ఒప్పలేదు. మా కొళాయి నీళ్లలో క్రిములు చావడానికి క్లోరమైన్ కలుపుతారు, అది రీఫ్‌కి పనికిరాదు. అందుకని ఆర్వో, దాని తర్వాత మిగిలిన లవణాల్ని తీసేసే డీఅయొనైజేషన్ ఉన్న ఫిల్టరు 150 డాలర్లు పెట్టి కొన్నాం. ఒక గ్యాలన్ మంచి నీళ్లు రావాలంటే మూడు నాలుగు గ్యాలన్లు వృథాగా బయటికి పోతాయి. బిందెతో నీళ్లు మోసిన ఇంట్లో పుట్టినదాన్ని, ఆ పైపు సింకులోకి వదలలేకపోయాను. అత్తగారు దాన్ని పెద్ద డబ్బాలోకి పట్టించి వంగ మొక్కలకీ, కుండీలోని కరివేపాకుకీ పోయడం మొదలుపెట్టారు. ఆ అలవాటు ఇప్పటికీ ఉంది.

శుద్ధి చేసిన నీళ్లలో ఉప్పు కలిపి, పంపు పెట్టి రాత్రంతా తిప్పాలి. వంటింటి ఉప్పు కాదు. కాల్షియం, మెగ్నీషియం అన్నీ ఉన్న రీఫ్ ఉప్పు బకెట్లలో దొరుకుతుంది, 160 గ్యాలన్లకి సరిపోయే బకెట్టు 60 డాలర్లు. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌లో 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకి 35 పాళ్లు, చూపించాలి. అత్తగారు ఆ అంకె చూసి, "మా తమ్ముడి చెరువులో ఇందులో సగం కూడా ఉండదమ్మా" అన్నారు. సెలినిటీ (ఉప్పదనం), అమ్మోనియా, ఆల్కలినిటీ (క్షారగుణం) అనే మాటలు నాకు కొత్త. ఆవిడ మాత్రం అవి ముప్ఫై ఏళ్లుగా వింటున్నారు. భీమవరంలో రొయ్యల రైతు వారం వారం నీళ్ల సీసా పట్టుకుని ల్యాబుకెళ్లేది వీటి కోసమే.

ఆగస్టు మొదటివారంలో రాళ్లొచ్చాయి. ట్యాంక్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఇవే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

రాళ్లు రెండు రకాలు. పౌండు మూడు నాలుగు డాలర్లకి ఎండు రాయి దొరుకుతుంది, శుభ్రంగా, తెల్లగా, ప్రాణం లేకుండా. రెండోది లైవ్ రాక్. ఫ్లోరిడా తీరంలో సముద్రం అడుగున కొంత జాగా లీజుకు తీసుకుని, గనుల్లోంచి తెచ్చిన సున్నపురాయిని అక్కడ పడేసి, కొన్నేళ్లు వదిలేస్తారు. జీవాలు పట్టాక తీసి అమ్ముతారు. సముద్రంలో సహజంగా ఉన్న రాళ్లు ఏరుకోవడాన్ని అక్కడ 1990లలోనే ఆపేశారు కాబట్టి ఇప్పుడంతా ఇలా పెంచినదే. పౌండు 9 డాలర్లు, విమానం ఖర్చు వేరే. చాలామంది ఎండు రాయి తీసుకోమన్నారు, లైవ్ రాక్‌లో పీతలు, పురుగులు వస్తాయన్నారు. నాకు ఆ వచ్చేవే కావాలి. 40 పౌండ్లు తెప్పించాం. డాలస్ ఎయిర్‌పోర్ట్ కార్గోలో అట్టపెట్టె తీసుకుని కారులో పెడితే కారంతా సముద్రం వాసన. పాప ముక్కు మూసుకుంది. అత్తగారు మాత్రం పెట్టె దగ్గరికి వంగి, "పేరుపాలెం ఒడ్డుకెళ్లినట్టుంది" అన్నారు.

రాళ్లు పెట్టిన మొదటి రాత్రే ట్యాంక్‌లోంచి టక్కుమని శబ్దం. గాజు పగిలిందని మా వారు టవళ్లు పట్టుకుని పరిగెత్తారు. పగల్లేదు. పిస్టల్ ష్రింప్ అని వేలి గోరంత రొయ్య, ఒక డెక్కని ఠక్కున మూస్తే వచ్చే చప్పుడది. రాళ్లతోపాటు వచ్చింది. కొత్తగా లైవ్ రాక్ పెట్టేవాళ్లు ఇది గుర్తుంచుకోండి, చాలా ఇళ్లలో ఇదే టెన్షన్.

ఆ తర్వాత ప్రతి రాత్రీ లైటు ఆరాక మేం ముగ్గురం టార్చికి ఎర్ర కాగితం చుట్టి చూసేవాళ్లం. ఎర్ర వెలుగుకి అవి అంతగా బెదరవు. పగలు ఏమీ లేని సందుల్లోంచి దారాల్లాంటి కాళ్లు బయటికొచ్చేవి, అవి నక్షత్రచేపల్లాంటి బ్రిటిల్ స్టార్లు. బియ్యపు గింజంత ఆంఫిపాడ్లు, రొయ్యల్లాంటి పురుగులు, గోడల మీద గెంతుతూ కనిపించేవి. ఒక రాయి అడుగు పక్కన, వెలుతురు సరిగ్గా పడని చోట, పెసరగింజ కన్నా కొంచెం పెద్దవి, గోధుమరంగు గుంటలు ఐదారు ఉన్నాయి. పగలు చూస్తే రాతికున్న మచ్చలనుకుంటాం. రాత్రి పదింటికి వాటిలోంచి గాజులాంటి సన్నటి పోగులు లేచాయి, ఒక్కో పోగు కొసన తెల్లటి చుక్క. అది కప్ కోరల్, పగడమే. మేం కొన్నది కాదు, రాతితో వచ్చింది. డ్రాపర్‌తో మైసిస్ అనే బుల్లి రొయ్య ముక్క వదిలితే పోగులన్నీ నెమ్మదిగా లోపలికి వంగి, మధ్యలో నోరు తెరుచుకుని ఆ ముక్క మాయమయ్యేదాకా దాదాపు పది నిమిషాలు పట్టింది. పాప అంతసేపు కదలకుండా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు.

చేపల్ని మాత్రం ఇంకా వేయకూడదు. ప్రయాణంలో రాళ్ల మీది జీవాలు కొన్ని చచ్చి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా మారుస్తుంది, ఇంకో రకం నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. ఇవి సరిపడా పెరిగేదాకా ఆగాలి. మా నీళ్ల పరీక్ష కిట్‌లో అమ్మోనియా లేకపోతే పసుపు, ఉంటే ఆకుపచ్చ. రోజూ పొద్దున గాజు గొట్టం కిటికీ దగ్గర పట్టుకుని పసుపా, పచ్చా అని ఇంట్లో వాదన. నాకు పసుపనిపించింది మా వారికి పచ్చ. మాకు దాదాపు మూడు వారాలు పట్టింది. ఎండు రాయితో అయితే నెలన్నర దాకా పట్టొచ్చు.

సెప్టెంబరు మొదట్లో నాచు తినే నత్తలు వేశాం. ఇక్కడ చిన్న విషయం. ఆస్ట్రేయా అనే రకం నత్త వెల్లకిలా పడితే తనంతట తాను తిరగలేదు, మనం తిప్పకపోతే చచ్చిపోతుంది. ట్రోకస్ నత్త తిరుగుతుంది. ధర దాదాపు ఒకటే, ట్రోకస్ తీసుకోండి. సెప్టెంబరు మధ్యలో రెండు క్లౌన్‌ఫిష్‌లు వచ్చాయి, సముద్రంలో పట్టినవి కాదు, హ్యాచరీలో పుట్టినవి, ఒక్కోటి 30 డాలర్లు. క్లౌన్‌ఫిష్‌లు అన్నీ మగవిగానే పుడతాయి, జంటలో పెద్దది ఆడదవుతుంది. కొన్ని వారాలకే ఒకటి పెరిగి రెండోదాన్ని అదిలించడం మొదలుపెట్టింది. రెండోది దాని ముందు వణికినట్టు ఒళ్లాడించేది. జబ్బేమోనని కంగారు పడ్డాం కానీ అది లొంగిపోయానని చెప్పడమట.

అక్టోబరులో క్లీనర్ ష్రింప్ వేశాం. రెండు వారాలకి ఒక పొద్దున అది ఇసుక మీద తెల్లగా, మీసాలతో సహా పడి ఉంది. పాప ఏడుపు లంకించుకుంది. అత్తగారు వచ్చి ఒక్క క్షణం చూసి, "అది చావలేదే పిచ్చిపిల్లా, కుబుసం విడిచింది. అమావాస్యకీ పున్నానికీ చెరువుల్లో చూడు, ఎన్ని విడుస్తాయో. అసలుది రాతి వెనక దాక్కునుంటుంది, ఒళ్లు మెత్తగా ఉంటుంది కదా, భయం దానికి" అన్నారు. సాయంత్రానికి అది బయటికొచ్చింది.

అక్టోబరు, నవంబరు నెలలు చూడటానికి బాగోవు. ముందు ఇసుకంతా గోధుమరంగు పొడి పట్టింది. అది పోయాక రాళ్ల మీద పచ్చటి నాచు జుట్టులా పెరిగింది. ప్రతి కొత్త ట్యాంకూ ఇది దాటాల్సిందే. మందులు వేయకుండా చేత్తో పీకుతూ, మేత తగ్గించి, వారానికి నాలుగైదు గ్యాలన్ల నీళ్లు మారుస్తూ కూర్చున్నాం. డిసెంబరు నాటికి నాచు తగ్గి రాళ్ల మీద గులాబీ, ఊదా రంగు పొర మొదలైంది. కోరలైన్ ఆల్గే అంటారు, అది వచ్చిందంటే నీళ్లు కుదురుకున్నట్టు.

అప్పుడు మొదటి కోరల్ కొన్నాం, మూడు తలల హ్యామర్ కోరల్, 90 డాలర్లు. ఇండో పసిఫిక్ సముద్రాల జాతి ఇది. దాని ఒంట్లో ఉండే సూక్ష్మమైన ఆల్గే వెలుతురుతో వండిపెడితే తిని బతుకుతుంది. నీలం లైటులో అంచులు ఆకుపచ్చగా వెలుగుతాయి. కోరల్ అస్థిపంజరం కట్టుకునే కొద్దీ నీళ్లలో ఆల్కలినిటీ, కాల్షియం తరుగుతాయి. ఆల్కలినిటీ మేం డీకేహెచ్ అనే కొలతలో 8, 9 మధ్య ఉంచుతాం. ఇందుకు సీసాల్లో మందులు అమ్ముతారు, కానీ ఆల్కలినిటీకి కావలసింది వంటసోడానే. వేరే ఏమీ కలపని స్వచ్ఛమైనది ఆర్వో నీళ్లలో కరిగించి కొద్దికొద్దిగా పోస్తే చాలు. భీమవరంలో మా వారి మేనమామ ఫోన్లో ఈ మాట విని, తామూ చెరువుల్లో అదే చల్లుతామన్నారు. కాకపోతే ఆయన బస్తాల్లో కొంటారు.

ఇక తుఫాను సంగతి.

2021 ఫిబ్రవరి 14 ఆదివారం రాత్రి మంచు పడింది. తెల్లవారితే సోమవారం, రెండు గంటలప్పుడు మెలకువ వచ్చింది. పంపుల చప్పుడు లేదు. కరెంటు పోయింది. అరగంటలో వస్తుందని చూశాం, రాలేదు. నా ధ్యాసంతా హీటరు మీదే ఉంది. 78 ఫారెన్‌హీట్ దగ్గరుండాల్సిన నీళ్లు ఎంత చల్లబడతాయోనని చేతులు వణుకుతున్నాయి. అత్తగారు లేచొచ్చి తమ్ముడికి ఫోన్ చేశారు. అక్కడ మధ్యాహ్నం ఒకటిన్నర దాటింది. ఆయన ఒకటే మాట చెప్పారు: "హీటరు సంగతి తర్వాత చూసుకో అమ్మాయ్, ముందు గాలి. కరెంటు పోతే మేం జనరేటరు దగ్గరికే పరిగెడతాం. గాలి లేకపోతే సరుకంతా తేలిపోద్ది. మేత కూడా ఆపెయ్."

ఆయన చెప్పిందే నిజం. నీళ్లు కదలకపోతే చేపలే కాదు, రాళ్లలోని బ్యాక్టీరియా కూడా ఉన్న ఆక్సిజన్‌ని వాడేస్తుంది. వేడి తగ్గడానికి గంటలు పడుతుంది, ఊపిరి ఆగడానికి అంతసేపు పట్టదు. మా దగ్గర పది డాలర్ల బ్యాటరీ గాలి పంపు ఒకటి ఉంది. అక్వేరియం సామాన్లలో కొన్నది కాదు, గాలం వేసేవాళ్లు ఎర చేపల్ని బతికించుకోవడానికి వాడేది. అది పెట్టాం. పెద్ద బ్యాటరీలు నాలుగే ఉన్నాయి, దుకాణాలు మూసేశారు. అందుకని మధ్యమధ్యలో పంపు ఆపి, ప్లాస్టిక్ మగ్గుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ ట్యాంక్‌లోకే పోసేవాళ్లం. అత్తగారు శాలువా కప్పుకుని కుర్చీలో కూర్చుని ఈ పని గంటలకొద్దీ చేశారు. వద్దంటే వినలేదు.

మా హాల్లో గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఉంది. నలుగురం అక్కడే పడుకున్నాం. ట్యాంక్‌కి మూడు వైపులా రజాయిలు కట్టి, పైన కొంత గాలికి వదిలాం. గ్యాస్ స్టౌ మీద నీళ్లు కాచి, గ్యాలన్ డబ్బాల్లో పోసి, మూత బిగించి ట్యాంక్‌లో తేలేశాం. డబ్బా పెట్టేముందు కొన్ని నీళ్లు బకెట్టులోకి తీయాలి, లేకపోతే పొంగి కార్పెట్ మీదికొస్తుంది. మంగళవారం డాలస్ ఎయిర్‌పోర్ట్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్, అంటే మైనస్ 19 సెల్సియస్ నమోదైంది. ఆ రాత్రి మా ట్యాంక్ 67కి దిగింది. క్లౌన్‌ఫిష్‌లు రెండూ ఒక మూల ఇసుకకి ఆనుకుని, బుగ్గలు మాత్రం ఆడిస్తూ ఉన్నాయి. హ్యామర్ పూర్తిగా ముడుచుకుపోయింది. కరెంటు వచ్చినట్టే వచ్చి పోయేది, ఆ కాసేపట్లోనే హీటరు, పంపులు, మా ఫోన్ల ఛార్జింగ్.

గురువారం 18న కరెంటు నిలబడింది. వెంటనే 78కి పెట్టేయలేదు, రోజుకి రెండు మూడు డిగ్రీల చొప్పున పెంచాం. శుక్రవారం క్లౌన్‌ఫిష్ మేత అందుకుంది. అత్తగారు ముందు తమ్ముడికి ఫోన్ చేసి చెప్పారు, తర్వాతే కాఫీ.

నష్టం లేకపోలేదు. నాలుగైదు నత్తలు పోయాయి, రాళ్ల మీది స్పాంజి కొంత కుళ్లి అమ్మోనియా కొద్దిగా కనిపించింది. ముందే కలిపి పెట్టుకున్న ఉప్పునీళ్లు అప్పుడు అక్కరకొచ్చాయి. హ్యామర్ మూడు తలల్లో ఒకటి వారంలో జారిపోయి ఎముక మిగిలింది. కానీ డబ్బు పెట్టి కొనని జీవాలు, ఫ్లోరిడా రాళ్లతో వచ్చినవి, దాదాపు అన్నీ నిలిచాయి. ఆ తీరంలో చలికాలం నీళ్లు అరవైల్లోకి దిగడం మామూలే, వాటికిది తెలిసిన చలి. కరెంటు వచ్చిన మరుసటి రాత్రి టార్చి వేస్తే కప్ కోరల్ పోగులు బయటే ఉన్నాయి. పాప వెళ్లి డ్రాపర్ తెచ్చింది.

ఇప్పటిదాకా సామాన్లు, ప్రాణులు కలిపి రెండు వేల డాలర్లు దాటింది. నెలకి ఉప్పు, ఫిల్టర్లు, మేత, కరెంటు కలిపి 60, 70 అవుతోంది. రోజుకి అర గ్యాలన్ ఆవిరవుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు, కాబట్టి ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి. ఆ పని ఆటోమేటిగ్గా చేసే సెన్సరు 90 డాలర్లకి దొరికింది, ముందే కొనాల్సిన వస్తువు. పంపుకి బ్యాటరీ బ్యాకప్ మార్చిలో కొన్నాం, చిన్న జనరేటరు మేలో. పిల్లలున్న ఇంట్లో జోవాంతిడ్స్ అనే సాఫ్ట్ కోరల్ జోలికి వెళ్లేముందు ఆలోచించండి, కొన్నిట్లో పాలీటాక్సిన్ అనే ప్రమాదకరమైన విషం ఉంటుంది. మేం తెచ్చుకోలేదు.

హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లెలు తనూ పెడతానంది. చేపలతో ఉప్పునీటి ట్యాంక్ అయితే పెట్టుకోమన్నాను. గట్టి పగడాలు, విసనకర్రలా ఉండే సీ ఫ్యాన్లు అక్కడ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, ఇంట్లో ఉంచుకోవడం నేరం. ఎవరైనా దొంగచాటుగా అమ్మజూపినా ముట్టుకోవద్దని గట్టిగా చెప్పాను.

హ్యామర్ తలల్లో ఒకటి జూన్‌లో రెండుగా చీలింది, మళ్లీ మూడయ్యాయి. డాలస్ పక్కనే ఇర్వింగ్‌లో ఒకావిడ ఉన్నారు, మా సందేహాలన్నిటికీ ఓపిగ్గా జవాబులిచ్చింది ఆవిడే. వాళ్లింట్లో గ్యాస్ లేదు, అంతా కరెంటే. నాలుగేళ్ల ట్యాంక్ ఆ మూడు రోజుల్లో పోయింది. ఈ నెల మళ్లీ మొదలుపెట్టారు, ఎండు రాయితో. మా కప్ కోరల్ ఉన్న రాయి పక్కది అరచేతంత ఒకటి, హ్యామర్‌లో ఒక తల ఆవిడకిద్దామని తీసి పెట్టాం. నిన్న ఫోన్ చేస్తే నైట్రైట్ ఇంకా ఊదారంగే చూపిస్తోందన్నారు. సున్నాకి రాగానే తీసుకెళ్లి ఇస్తాం.